ఈసుకుపోయింది... ఎందుకని?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో గొడ్లచావిడి నుంచి వినిపించే మాటల్లోకెల్లా చేదు మాట ఒకటుంది... 'ఈసుకుపోయింది'. చూడిగేదె నెలలు నిండకుండానే దూడను పడేసిందని అర్థం. చెప్పేవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు. వినేవాళ్లు మాత్రం అయ్యో అని ఊరుకోరు, 'ఎన్నో నెల?' అని అడుగుతారు. లెక్కంతా ఆ నెలలోనే ఉంది మరి.

గేదె పది నెలల పైచిలుకు మోస్తుంది. ఏడో నెలలో ఈసుకుపోయిందనుకోండి. ఇంకో మూడు నెలల్లో రావాల్సిన పాలు రావు. గర్భసంచి కోలుకుని, మళ్లీ ఎదకొచ్చి, కట్టు నిలవడానికి ఎంత లేదన్నా రెండు మూడు నెలలు. అక్కణ్నుంచి మళ్లీ పది నెలలు. అంటే ఏడాదికి పైగా మేపుడే తప్ప గిన్నెలో పాలచుక్క ఉండదు. మిర్చి సొమ్ము ఏడాదికోసారి యార్డులో చేతికొస్తుంది, వచ్చింది వచ్చినట్టే అప్పులకు పోతుంది. పాల సొమ్ము పదిహేను రోజులకోసారి వస్తుంది, దాంతోనే ఇల్లు గడుస్తుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు చాలా ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసింది చావిడిలోని గొడ్లే. అలాంటి గొడ్డు ఈసుకుపోతే..!

కారణాలకు కొదవ లేదు. దిష్టి తగిలిందంటారు. పక్క గేదె కొమ్ముతో పొడిచిందంటారు. పత్తిచెక్క వేడి చేసిందంటారు. కాస్త చదువుకున్న ఇల్లయితే 'బ్రూసెల్లా అయ్యుంటుంది' అంటారు. చివరిది మాత్రం కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఈసుకుపోవడానికి పెద్ద కారణాల్లో బ్రూసెల్లా ఒకటి, అది మనుషులకూ అంటుతుంది. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు, పడ్డలకు దాని టీకా వేస్తున్నారు కూడా. అయితే 'టీకా వేయించాం కదండీ, మళ్లీ ఎందుకు ఈసుకుపోయింది?' అని అడిగే రైతుకు ఏం చెప్పాలి? ఆ టీకా ఆపేది బ్రూసెల్లా బ్యాక్టీరియాను ఒక్కదాన్నే. కడుపులోని దూడను తినేసే పరాన్నజీవుల జోలికి అది పోదు. అవి మన కంటికీ ఆనవు, మన మాటల్లోకీ రావు.

ఇంటి కాపలాదారే...

నియోస్పోరా అనే ఏకకణ జీవి కథ కాస్త విచిత్రంగా ఉంటుంది. 1984లో నార్వేలో కొన్ని కుక్కపిల్లల కాళ్లు చచ్చుబడిపోతే శాస్త్రవేత్తలు దీన్ని తొలిసారి చూశారు. నాలుగేళ్ల తర్వాత, 1988లో, దీనికో పేరు పెట్టినవారిలో ముఖ్యుడు మనదేశంలో పుట్టి అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనశాలలో పనిచేసిన జె.పి.దూబే. మరుసటి ఏడాదే అమెరికాలోని ఓ పాడి మందలో వరసగా ఆవులు ఈసుకుపోతుంటే అక్కడా ఇదే దొరికింది. ఆవుకెలా వస్తోంది? ఆ ముడి 1998లో వీడింది. కుక్క నుంచి.

నియోస్పోరా ఉన్న ఆవు ఈనినప్పుడు పడిన మాయనో, చచ్చిన దూడ మాంసాన్నో కుక్క తింటుంది. కుక్క పేగుల్లో అది పెరిగి, మలంతో గుడ్ల వంటి కణాలై బయటికొస్తుంది. ఆ మలం గడ్డివాములోనో, కుడితి తొట్టిలోనో, చెరువు గట్టు పచ్చికలోనో కలుస్తుంది. ఆవు తింటుంది. చక్రం పూర్తయింది. మన పల్లెల్లో ఈ చక్రం తిరగడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు. ఈసుకుపోయిన దూడను గోతాంలో చుట్టి ఊరి బయట కాలవ గట్టున పారేస్తే చాలు, మిగతా పని రాత్రికి రాత్రి కుక్కలే కానిస్తాయి.

చాలా ఊళ్లలో ఓ పాత అలవాటు ఉంది. గేదె ఈనాక పడిన మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టు కొమ్మకు కడతారు. మర్రి పాలుగారే చెట్టు కాబట్టి గేదెకూ పాలు బాగా పడతాయని నమ్మకం. పాల సంగతేమో గానీ, అంతెత్తున వేలాడే మూటను ఏ కుక్కా అందుకోలేదు. నియోస్పోరా పేరు కూడా వినని ముసలమ్మలు దాని దారికి అడ్డంగా ఓ కర్ర పెట్టారన్నమాట. ఆ మర్యాద నెలలు నిండి ఈనిన మాయకే దక్కుతుంది. ఈసుకుపోయినదాన్ని అరిష్టమని ఎంత దూరం వీలైతే అంత దూరం విసిరేస్తారు. నిజానికి జాగ్రత్తగా లోతైన గుంటలో సున్నం వేసి పూడ్చాల్సింది దాన్నే!

నియోస్పోరాలో అసలు తంటా కుక్కతో ఆగదు. ఒకసారి ఆవు ఒంట్లో చేరితే జీవితాంతం ఉంటుంది. చూడి కట్టినప్పుడల్లా మాయ దాటి దూడలోకి పోతుంది. కొన్ని మందల్లో ఇలా సోకిన తల్లులకు పుట్టిన దూడల్లో నూటికి ఎనభై, తొంభైకి కూడా పుట్టుకతోనే వచ్చింది. ఆ దూడల్లో ఎక్కువ భాగం చక్కగా, చలాకీగా ఉంటాయి. పెయ్య పెరుగుతుంది, ఎదకొస్తుంది, చూడి కడుతుంది... ఐదో నెలో ఆరో నెలో ఈసుకుపోతుంది. సోకని ఆవుతో పోలిస్తే సోకిన ఆవు ఈసుకుపోయే ప్రమాదం మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువని అంచనా. తల్లి మంచి పాలదని కూతుర్నీ, కూతురు మంచిదని మనవరాల్నీ ఇంట్లోనే ఉంచుకునే రైతు తెలియకుండా ఈ జబ్బును కూడా వారసత్వంగా పెంచుకుంటాడు. పది దేశాల లెక్కలు తీసి 2013లో వెలువరించిన ఒక అంచనా ప్రకారం దీనివల్ల పశుపోషకులకు ఏటా కలిగే నష్టం సుమారు 130 కోట్ల డాలర్లు.

మనదగ్గర ఉందా అంటే, ఉంది. దేశంలో పాడి ఆవులు, గేదెల రక్తంలో దీని ఆనవాళ్లు 2007లో బయటపడ్డాయి. దక్షిణాది పీఠభూమి పశువుల్లోనూ ఉన్నట్టు 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. గేదెల్లో ఓ వింత ఉంది. ఇది వాటి రక్తంలో ఆవుల్లోకన్నా ఎక్కువగానే కనిపిస్తుంది, కానీ ఆవులంత తేలిగ్గా అవి ఈసుకుపోవు. గేదె చర్మమే కాదు, లోపలా మందమే అన్నమాట!

జోరీగ కుట్టిందంటే

గేదెను నిజంగా పడగొట్టేది వేరే ఉంది... సర్రా. వానలు పడ్డాక చావిడి చుట్టూ జోరీగలు ముసురుతాయి. రక్తం తాగే ఈ ఈగ ఒక గొడ్డు మీద నుంచి తరిమితే ఇంకో గొడ్డు మీద వాలుతుంది. మూతికి అంటిన రక్తంతో పాటు ట్రిపనోసోమా అనే పరాన్నజీవినీ మోసుకెళుతుంది. దీన్ని 1880లో డేరా ఇస్మాయిల్‌ఖాన్ దగ్గర గుర్రాలు, ఒంటెల రక్తంలో చూసినవాడు గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు. ఆ ప్రాంతం ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉంది. 2000 సంవత్సరం జులైలో ఒడిశాలోని నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో పదికి పైగా పులులు వరసగా చనిపోయి దేశమంతా ఉలిక్కిపడింది, గుర్తుందా? అక్కడా దోషి ఇదే జీవి.

గేదెలో ఇది పులిలో అంత గోల చేయదు. ఓ రెండు రోజులు జ్వరం, తగ్గుతుంది. మళ్లీ వస్తుంది. మేత తింటూనే చిక్కిపోతుంది. కళ్ల లోపలి ఎరుపు పాలిపోతుంది. 'ముసురుకి అలానే ఉంటుందిలే' అనుకుంటాం. ఓ ఉదయం చావిడిలో దూడ పడి ఉంటుంది. నెలలు బాగా నిండాక ఇలా పోవడం సర్రాలో ఎక్కువ. మిగతా రెంటికీ లేని మేలు దీనికొకటుంది, మందు ఉంది. జ్వరంగా ఉన్నప్పుడు చెవి నరం నుంచి ఓ చుక్క రక్తం తీసి గాజుపలక మీద చూస్తే చాలాసార్లు దొరికిపోతుంది. డాక్టరు ఇచ్చే ఇంజెక్షన్‌తో తల్లీ బతుకుతుంది, వేళకు చేస్తే దూడా నిలుస్తుంది. వేసేది డాక్టరే కావాలి. మందుల షాపులో అడిగి తెచ్చి తోచినంత పొడిచేస్తే చూడిగేదెకు ఆ మందే ముప్పు.

సర్రా మామూలుగా మనుషులకు రాదు. మన సరిహద్దుకు ఆవలే ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మాత్రం 2004లో ఓ రైతుకు వచ్చింది. ఈ క్రిమిని చంపే ప్రొటీన్ ఒకటి అందరి రక్తంలోనూ ఉంటుంది, ఆయన రక్తంలో అది లోపించిందని తర్వాత తేలింది. చికిత్సతో ఆయన కోలుకున్నాడు.

అమ్మేసిన గొర్రె

ఇక గొర్రెల సంగతి. పత్తి తీత అయిపోయాక, మిరప పీకేశాక నల్లరేగడి చేలల్లో మందలు కట్టిస్తారు. రాత్రంతా గొర్రెలు పడుకుంటే చేనుకు ఎరువు, కాపరికి నాలుగు డబ్బులు. ప్రకాశం మెట్ట నుంచి మందలు డెల్టా దాకా నడుస్తాయి. దారిలో ఒకటీ రెండూ ఈసుకుపోవడం మామూలే. ఒక్కోసారి మాత్రం పది, పదిహేను వరసగా పోతాయి. కొన్ని ఎండిపోయి బెరడులాంటి పిల్లల్ని వేస్తాయి, కొన్ని బలహీనమైన పిల్లల్ని. ఇలాంటప్పుడు అనుమానించాల్సిన వాటిలో టాక్సోప్లాస్మా ఒకటి. దీని పుట్టిల్లు పిల్లి పేగులు. ఆ గుట్టు 1970లో తెలిసింది, తేల్చినవారిలో పైన చెప్పిన దూబే మళ్లీ ఉన్నారు. వేట నేర్చుకునే వయసులో ఎలుకనో పిట్టనో తిన్న పిల్లికూన కొద్ది రోజుల పాటు లక్షల కొద్దీ కణాలను విసర్జిస్తుంది. తడి నేలలో అవి ఏడాదికి పైగా బతుకుతాయి. గడ్డివాములో పిల్లి పిల్లల్ని పెట్టిందని ముచ్చటపడే పిల్లలకు ఈ సంగతి చెప్పడం కష్టమే!

గొర్రెలు ఇలా పోవడానికీ ఈ జీవికీ ఉన్న లంకెను 1957లో పట్టుకున్నది న్యూజిలాండ్. గొర్రెలకు టీకా కూడా ముందు అక్కడే వచ్చింది. ఆ దేశంలో జింకల్ని మనం గేదెల్ని పెంచినట్టే కంచె వేసి పెంచుతారు, మాంసానికీ కొమ్ములకూ. తొలిచూలు ఆడజింకల్లో పిండాలు మధ్యలోనే మాయమవుతుంటే మాస్సీ విశ్వవిద్యాలయం వారు స్కానింగు మీద స్కానింగు చేసి వెతికారు. వాటిలోనూ టాక్సోప్లాస్మా ఆనవాళ్లే తగిలాయి. స్కానింగు చేయకపోతే అవి 'కట్టు నిలవని జింకలు'గానే లెక్కలోకి వెళ్లేవి. మన చావిళ్లలో 'గొడ్డుబోతు' అనిపించుకుని సంతకెళ్లే వాటిలో ఇలాంటివెన్నో!

టాక్సోప్లాస్మాతో ఒకసారి ఈసుకుపోయిన గొర్రెకు సాధారణంగా రక్షణ శక్తి వచ్చేస్తుంది. మరుసటి ఈత చక్కగా ఈనుతుంది. కాపరి చేసేదేమిటి? 'ఇది పనికిరాదు' అని ఆ గొర్రెనే కోతకు అమ్మేస్తాడు. ఆ డబ్బుతో ఈ జబ్బు ఎరగని కొత్త గొర్రెను కొంటాడు. అంటే నిలిచేదాన్ని అమ్మి, పోయేదాన్ని తెచ్చుకుంటున్నాడు. అదే నియోస్పోరా సోకిన ఆవు విషయంలో తలకిందులు. మళ్లీ కడుతుందిలే అని ఉంచుకున్నది, దాని పెయ్య, పెయ్యకు పెయ్య... అన్నీ అనుమానమే. ఒకటి ఉంచాల్సింది, ఒకటి సంతతి ఆపాల్సింది, ఒకటి సూదితో నయమయ్యేది. బయటికి మూడూ ఒకటే... గడ్డిలో పడి ఉన్న చచ్చిన దూడ.

అందుకే ఆ దూడను పారేయకూడదు. చేతులకు తొడుగులో, కనీసం ప్లాస్టిక్ సంచులో వేసుకుని మాయతో సహా సంచిలో పెట్టి, చుట్టూ ఐసు వేసి ఒక రోజులోపు పశువైద్యశాలకు చేర్చాలి. 1962కు ఫోను చేసి అడగొచ్చు. అక్కణ్నుంచి జిల్లా కేంద్రంలోని వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు, అవసరమైతే ఇంకా పైకి పంపుతారు. తల్లి రక్తం అప్పుడోసారి, రెండు మూడు వారాలకు ఇంకోసారి తీయించాలి. గర్భంతో ఉన్న ఆడపడుచులు ఈ పని జోలికి రాకూడదు. నియోస్పోరా మనుషులకు వచ్చినట్టు దాఖలా లేదు గానీ, టాక్సోప్లాస్మా, బ్రూసెల్లా రెండూ వస్తాయి. ఇంత చేసినా మంచి ప్రయోగశాలల్లోనే దాదాపు సగం కేసుల్లో కారణం తేలదు. అయినా మిగతా సగం తేలడం తక్కువ సంగతా?

తేలాక? సోకిన ఆవును మందలోంచి తీసేయమని విదేశీ పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ ఆవును కోతకు పంపడానికి చట్టమూ ఒప్పదు, మనసూ ఒప్పదు. పోనీ ఇంకో రైతుకు అమ్ముదామా? అది జబ్బును ఊరు మార్చడమే. ఒంగోలు గిత్తల పేరు మీద ఓ జిల్లా గర్వపడే చోట, గుంటూరు శివారు లాం ఫారంలో ఆ జాతి కోసమే ఏళ్ల తరబడి పరిశోధన సాగుతున్న చోట మేలుజాతి ఆవును వదులుకోవడం అంత తేలిక కాదు. ఇదే రక్తం బ్రెజిల్ వెళ్లి నెలోర్ అయింది, అందులో ఒక ఆవు విలువ 2023 వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. అలాంటి చోట్ల ఓ ఉపాయం ఉంది. సోకిన ఆవు పిండాన్ని తీసి, పరీక్షలో శుభ్రంగా తేలిన వేరే ఆవు గర్భంలో పెడతారు. జాతి ఈమెది, కడుపు ఆమెది.

అంత ఖర్చు పెట్టలేని మామూలు ఇంట్లోనూ ఒక దారి ఉంది. అనుమానం ఉన్న ఆవు ఈనగానే, దూడ జున్నుపాలు తాగకముందే, దాని రక్తం కొంచెం తీయించాలి. తాగాక తీస్తే తల్లి పాల నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కలిసి లెక్క తప్పుతుంది. తాగకముందు తీసిన రక్తంలో నియోస్పోరా ఆనవాళ్లు ఉంటే ఆ పెయ్యకు కడుపులోనే సోకినట్టు. దాన్ని పాలకు ఉంచుకోవచ్చు. దాని పెయ్యల్ని మాత్రం మందలో నిలుపుకోకూడదు.