చీరకు పేరొచ్చింది, పెట్టెకు రాలేదు

సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి చూపించారు. ఆ ముచ్చట ఇప్పటికీ ఫోన్లలో చేతులు మారుతూనే ఉంది. చీర పోగును మెచ్చుకున్న మనం అది ఇమిడిన పెట్టెను మాత్రం పట్టించుకోలేదు. అలాంటి పెట్టెలు తయారయ్యే ఊళ్లలో తమిళనాడులోని వేలూరు జిల్లా గుడియాత్తం ఒకటి. పలమనేరు వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున, చిత్తూరు జిల్లాకు పక్కనే ఉంటుంది. లుంగీల నేత, బీడీలు, అగ్గిపెట్టెలు అక్కడి జనానికి కూడు పెట్టే పనులు. కళ, విజ్ఞానం, రూపకల్పన మూడూ కలిసిన ఈ రెండు రూపాయల వస్తువును వేలూరు కోటలోని ప్రభుత్వ మ్యూజియం పద్ధతిగా సేకరించాలి. ఇది వింత కోరిక కాదు, ఇప్పటికే ఆలస్యమైన పని.

ఒకప్పటి అగ్గిపుల్లల్లో వాడిన తెల్ల భాస్వరం వాటిని తయారుచేసే కూలీల దవడ ఎముకలను తినేసేది. 1844లో స్వీడన్‌ శాస్త్రవేత్త గుస్తాఫ్ ఎరిక్ పాష్ మండే మందును రెండు చోట్లకు విడదీశారు. హాని లేని ఎర్ర భాస్వరం పెట్టె పక్కకు వెళ్లింది, పొటాషియం క్లోరేట్ పుల్ల తలకు చేరింది. పుల్ల గీయగానే రాపిడికి ఎర్ర భాస్వరం రవ్వంత తెల్ల భాస్వరంగా మారి అంటుకుంటుంది. ఆ వేడికి క్లోరేట్ ప్రాణవాయువును వదులుతుంది, గంధకం మండుతుంది, పుల్లకు పట్టించిన మైనం మంటను నిలబెడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. అంటే పెట్టె వట్టి పొట్లం కాదు, పనిముట్టులో సగం.

ఆ సగం మీద ఉండే బొమ్మకూ చరిత్ర ఉంది. స్వీడన్, ఆస్ట్రియా, జపాన్ కంపెనీలు మన దేవుళ్ల బొమ్మలు అచ్చువేసి ఇక్కడికి పెట్టెలు పంపేవి. 1923 ప్రాంతంలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తాలో పని నేర్చుకుని శివకాశికి తిరిగొచ్చాక బొమ్మలు మన అచ్చుయంత్రాల మీదికి వచ్చాయి. చదువు రానివారు కూడా బొమ్మను బట్టి పెట్టె అడిగి కొనుక్కోవాలి. బొటనవేలంత చోటులో, కొద్ది రంగులతో, అంగడి అరలో దూరం నుంచే గుర్తుపట్టేలా గీయడం గోడమీది పోస్టర్ కంటే కష్టమని నా అభిప్రాయం. ఒకరి లేబుల్‌ను ఇంకొకరు కాపీ కొట్టారు కదా, ఇందులో కళ ఏముందని కొందరు అడుగుతారు. నిజమే, చాలా బొమ్మలు అనుకరణలే. కానీ ఏ బొమ్మను ఎక్కువమంది దొంగిలించారో చూస్తే కొనేవాడి మనసు దేనికి మొగ్గిందో తెలుస్తుంది. ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు.

అంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. తమిళనాడు అగ్గిపెట్టెల పరిశ్రమ పసిపిల్లల చేతుల మీద నడిచింది. 1986 చట్టం పిల్లలను ఈ పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది, 1996లో శివకాశి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అలాంటి వస్తువును అద్దాల పెట్టెలో పెట్టి మురిసిపోవడం తగునా? మురిసిపోవడానికే అయితే తగదు. ఆ కథనూ బొమ్మ పక్కనే రాయాలి. దాచిపెట్టే మ్యూజియం కంటే చెప్పే మ్యూజియమే ఆ పిల్లలకు న్యాయం చేస్తుంది.

కాలం కూడా తరుముతోంది. 2007 నుంచి రూపాయి దగ్గరే ఆగిన ధర 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. పద్నాలుగేళ్లపాటు ధర పెంచలేని పరిశ్రమ ఎంత ఇరుకులో ఉందో వేరే చెప్పాలా? 2023లో ఇరవై రూపాయల లోపు సిగరెట్ లైటర్ల దిగుమతిని కేంద్రం నిషేధించినా, వంటింట్లో గ్యాస్ లైటర్ ఎప్పుడో పాతుకుపోయింది. వాడిన పెట్టెను ఎవరూ దాచరు కాబట్టి లేబుళ్లు తామంతట తాము మిగలవు. సేకరణకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి లేబుల్‌కూ ఫ్యాక్టరీ, అచ్చువేసిన ప్రెస్, సంవత్సరం, దొరికితే గీసినవారి పేరు తమిళంలోనూ తెలుగులోనూ నమోదు చేయాలి. పెట్టెలు అతికిన, పుల్లలు నింపిన మహిళల మాటలు వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలి. అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది ఈ చివరి పనే.