గాజుతొట్టెలోని అమానతు

“మా ఎనిమిదేళ్ళ అబ్బాయి పెంచుకుంటున్న గోల్డ్‌ఫిష్ రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది. వాడు తొట్టె దగ్గరి నుంచి కదలడం లేదు. ‘మనం వండుకుని తినే చేపే కదా, పోతే ఇంకొకటి కొందాం’ అంటున్నారు వాళ్ళ అబ్బా. ఏం చెప్పాలో నాకు తోచలేదు” అని ఒక సోదరి వ్రాశారు.

చేపను ఆహారంగా అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. అయితే తినడం వేరు, బంధించి ఉంచి పట్టించుకోకపోవడం వేరు. పిల్లిని కట్టి ఉంచి, తిండి పెట్టక, తన తిండి తాను వెదుక్కోవడానికి వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. చెరువులోని చేప నీరు బాగుండకపోతే మరో చోటికి ఈదిపోగలదు. తొట్టెలోని చేపకు ఆ దారిని మనమే మూసివేశాము. కనుక దాని నీరు, మేత, ఆరోగ్యం మన మీద ఉన్న అమానతు.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని మందు వెదకడం కాదు, నీటిని చూడడం. మిగిలిపోయిన మేత, చేప విసర్జించే వ్యర్థాల వల్ల నీటిలో అమ్మోనియా పేరుకుని మొప్పలను దెబ్బతీస్తుంది. చేప పైకి వచ్చి నోరు తెరవడానికి తరచుగా ఇదీ, ప్రాణవాయువు తగ్గడమూ కారణాలు. రోజూ నాలుగోవంతు నీరు మార్చండి. ఒక్కసారే మొత్తం మార్చితే నీరసించిన చేప తట్టుకోలేదు. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపకు హానికరం. కాబట్టి ఆ నీటిని వెడల్పాటి పాత్రలో మూత లేకుండా ఒక రోజు ఉంచి వాడండి. గాలి పంపు అమర్చండి. రెండు రోజులు మేత ఆపినా గోల్డ్‌ఫిష్‌కు ప్రమాదం లేదు. నిజానికి ఇళ్ళలో ఎన్నో చేపలు అతిమేత వల్లనే జబ్బు పడతాయి.

ఒంటి మీద ఉప్పు రేణువుల వంటి తెల్లని చుక్కలు కనిపిస్తే అది పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. వేరే తొట్టెలో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కల్లుప్పును కొద్దికొద్దిగా కరిగించి, చేపను అందులో ఉంచాలి. చుక్కలు పోయాక కూడా కొన్ని రోజులు కొనసాగించాలి. ఎందుకంటే ఆ జీవి చేపను విడిచి, తొట్టె అడుగున మళ్ళీ వృద్ధి చెందుతుంది. అప్పటికీ తగ్గకపోతే పశువైద్యుణ్ణి సంప్రదించండి.

ఇంత చేసినా చేప బ్రతకకపోవచ్చు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట చనిపోయినప్పుడు, దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి ఆప్యాయంగా పలకరించి పిట్ట సంగతి అడిగారు. సమస్త మానవాళి బాధ్యతను మోస్తున్న ఆయనకు, ఒక పిల్లవాడి దుఃఖం చిన్నదిగా తోచలేదు.

అందుచేత సోదరీ, మీవారితో ఇలా చెప్పండి: ఇంకొక చేపను ఎప్పుడైనా కొనవచ్చు. ఈ రాత్రికి మాత్రం కొడుకుతో కలిసి తొట్టె నీరు మార్చమనండి. మూగజీవి పట్ల బాధ్యత అంటే ఏమిటో ఆ పిల్లవాడు తండ్రి చేతులను చూసి నేర్చుకుంటాడు. అల్లాహ్ మన హృదయాలను కారుణ్యంతో నింపుగాక! ఆమీన్.