కుండీలోని కాక్టస్‌కు పొలం మందా?

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో డాబాల మీద, కిటికీ గట్ల మీద కాక్టస్ కుండీలు కనిపించడం నేడు వింత కాదు. మొక్కపై తెల్లని పొడి కనబడగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, ఏ మందు కొట్టాలని అడగడమూ వింత కాదు. సాంబ మసూరి (బి.పి.టి. 5204) రూపుదిద్దుకున్న బాపట్లలో శాస్త్రవేత్తను ముళ్ళమొక్క గురించి అడగడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆందోళన కలిగించవలసినది మాత్రం ఆ ప్రశ్నకు అలవాటుగా వెలువడే సమాధానం. పురుగేదో, అసలు పురుగు ఉన్నదో లేదో తేలకముందే వరికో పత్తికో వాడే మందు పేరు, లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లన్న మోతాదు చెప్పేయడం జరుగుతున్నది.

డెల్టా ఇళ్ళలో ఆ మందును కొత్తగా కొనవలసిన పని కూడా ఉండదు. చేనికి తెచ్చిన డబ్బాలో అడుగున ఎంతో కొంత మిగిలే ఉంటుంది. కూరగాయలపై వాడకూడదని నిషేధించిన మోనోక్రోటోఫాస్ వంటి మందును గాలి ఆడని గదిలో, పిల్లల చేతికందే కుండీపై చల్లడం ఎంత ప్రమాదమో విస్తరణ శాస్త్రవేత్తకు వేరుగా చెప్పనక్కరలేదు. పురుగు మందుల చట్టం, 1968 ప్రకారం నమోదైన పొలం మందు లేబుల్‌పై ఏ పంటకు, ఏ పురుగుకు వాడాలో రాసి ఉంటుంది. ఆ జాబితాలో లేని ఇంటి మొక్కకు దానిని నోటిమాటగా సిఫారసు చేయడం శాస్త్రీయ సలహా అనిపించుకోదు.

నిర్ధారణ విషయానికి వస్తే, కాక్టస్‌పై తెల్లగా కనిపించేదంతా పిండినల్లి కాదు. మామ్మిల్లేరియా వంటి జాతులలో ముళ్ళు మొలిచే చోట నూగు సహజంగానే ఉంటుంది. అది వరుస తప్పకుండా, ప్రతి ముళ్ళగుత్తి వద్దా ఒకే తీరుగా కనిపిస్తుంది. పిండినల్లి కాండపు మడతలలో, కొత్త చిగురు వద్ద అక్కడొకటి ఇక్కడొకటిగా గుంపు కడుతుంది. దాని చుట్టూ జిగురు, ఆ జిగురు కోసం చీమలు చేరతాయి. చీమల బారు కుండీ వైపు సాగుతుంటే సగం నిర్ధారణ అయినట్లే. గోధుమ రంగు పొలుసు గోటితో గీరగా ఊడివస్తే పొలుసు పురుగు, ఊడకపోతే అది మొక్క సొంత మచ్చ. వేసవి వడగాలుల కాలంలో చిగురు వద్ద తుప్పు రంగు వ్యాపించి, సన్నని గూడు కనిపిస్తే ఎర్రనల్లిని అనుమానించాలి. తెల్ల కాగితంపై మొక్కను తట్టి, రాలిన చుక్కలు కదులుతున్నాయేమో భూతద్దంతో చూడాలి. ముదిరిన కాండం మొదట్లో బెరడు కట్టి గట్టిపడడం వయసు లక్షణమే. నీడ నుంచి ఒక్కసారిగా డాబా ఎండలోకి మార్చిన మొక్కపై తెల్లబారిన మచ్చ ఎండదెబ్బ. మొదలు మెత్తబడి వాసన వస్తే అది కుళ్ళు. తెనాలి, రేపల్లెలలో చేతికందిన నల్లరేగడి మట్టినే కుండీలో నింపి, రోజూ నీరు పోసినప్పుడు తరచుగా జరిగేది ఇదే. ఈ మూడింటికీ పురుగు మందుతో పని లేదు.

ఒకేలా కనిపించే పురుగుల మధ్య తేడా ఎంత ముఖ్యమో మన నాగజెముడు చరిత్రే చెబుతుంది. ఎర్రని రంగునిచ్చే కొచినీల్ పురుగు అనుకొని 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు తెచ్చినది నిజానికి డాక్టిలోపియస్ సిలోనికస్ అనే వేరొక జాతి. ఆశించిన రంగు దక్కలేదు గాని, అది ఒక రకం నాగజెముడును విస్తారంగా నాశనం చేసింది. దక్షిణాదిన మిగిలిన మరో రకంపై అది పనిచేయలేదు. ఆ కలుపు నివారణకు 1926లో సింహళం నుంచి డాక్టిలోపియస్ ఒపన్షియే అనే జాతిని తేవలసి వచ్చింది. చూపుకు రెండూ తెల్లని దూది పింజలే. ఇంటి కుండీలోనూ ఆ తెల్లని ముద్దను పుల్లతో కాగితంపై నలిపితే చిక్కని ఎరుపు వస్తే కొచినీల్ వర్గపు పురుగు అనుకోవచ్చు. పిండినల్లి నుంచి సాధారణంగా అంతటి ఎరుపు రాదు.

చికిత్సకు కావలసింది మందు కన్నా ఓపిక. ముందుగా కుండీని మిగతా మొక్కలకు దూరంగా పెట్టాలి. డెబ్బై శాతం సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో, దగ్గరలో మంట లేకుండా చూసుకొని, పిండినల్లిని ఒక్కొక్కటిగా తుడవాలి. తీవ్రత ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కలిసేందుకు కొద్దిగా సబ్బు ద్రవం చేర్చి, కుండీని ఆరుబయట ఉంచి సాయంత్రం వేళ పిచికారి చేయాలి. నూనె పడిన కాండం ఎండకు మాడుతుంది, కొన్ని జాతుల బూడిదరంగు మైనపుపూత చెదురుతుంది. అందుచేత ముందుగా ఒక మూల పరీక్షించడం అవసరం. దూదిలో దాగిన గుడ్లు ఒక్కసారికి చావవు కనుక వారానికొకసారి చొప్పున మూడు నాలుగు సార్లు ఈ పని చేయవలసి ఉంటుంది. అడిగినవారికి చెప్పకుండా వదిలేసేది సాధారణంగా ఈ మాటనే.

పైన ఏమీ కనబడకుండా మొక్క ఎదుగుదల ఆగితే కుండీ నుంచి పెకలించి చూడాలి. వేళ్ళపై, కుండీ లోపలి గోడపై తెల్లని పొడి ఉంటే అది వేరు పిండినల్లి. పాత మట్టిని పూర్తిగా వదిలించి, వేళ్ళు కడిగి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న పొడి మిశ్రమంలో తిరిగి నాటాలి. బాపట్ల ప్రాంతంలో ఇసుకకు కొరత లేదు. సముద్రపు ఇసుకైతే ఉప్పు పోయేలా బాగా కడిగి వాడాలి.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్ళే విద్యార్థులకు ఇలాంటి కుండీ ఒకటి చూపి, మందు పేరు అడగకుండా లక్షణాలు మాత్రమే రాయమనడం మంచి అభ్యాసం. డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టస్ కుటుంబానిదే. ఎర్రని బంతిలా అమ్ముడయ్యే అంటు కాక్టస్‌కు వేరుమూలంగా కట్టేది తరచుగా దాని దగ్గరి బంధువునే. నర్సరీ నుంచి తెచ్చిన అటువంటి మొక్కలో అంటు కలిసిన చోటునే మొదట వెతకాలి, రెండు మూడు వారాలు వేరుగా ఉంచిన తరువాతే మిగతా కుండీల పక్కన చేర్చాలి.