కాగితం లేని కాడెడ్లు

కేసముద్రం మండలంలోని ఓ పల్లె నుంచి ఒక రైతు కాడెడ్లను అమ్ముకోవడానికి అంగడికి బయలుదేరాడనుకుందాం. ఎండ ముదరకముందే చేరుకోవాలని కోడి కూయకముందే కొట్టంలోంచి ఎడ్లను విప్పాడు. ముకుతాడు పట్టుకుని ముందు తను, చేతిలో కర్రతో వెనక కొడుకు. అంగడి ఏడెనిమిది కిలోమీటర్లు. తాతల కాలం నుంచి ఇట్లాగే తోలుకుపోతున్నారు. ఊరి పొలిమేర దాటేసరికి ఆ తండ్రీకొడుకులు కేంద్ర ప్రభుత్వ నియమాలను నాలుగైదు చోట్ల ఉల్లంఘించారు. ఆ సంగతి వాళ్లకు తెలియదు. చెప్పినా నమ్మరు.

పశువులను కాలినడకన తరలించడానికి 2001లో నియమాలు వచ్చాయి. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం కింద చేసినవి. ఊరి హద్దు నుంచి గమ్యం 5 కిలోమీటర్లో, అంతకు మించో ఉంటే అవి వర్తిస్తాయి. పశువు ఆరోగ్యంగా ఉందనీ, నడవగలదనీ పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత నడిపించకూడదు. కర్రతో, కొరడాతో అదిలించకూడదు. తాడు మెడకే కట్టాలి గానీ ముక్కుకు కట్టకూడదు. ఒకే తాడుకు రెండింటిని మించి కట్టకూడదు, ఆ రెండింటి మధ్య కూడా రెండడుగుల ఎడం ఉండాలి. ఆవులు, ఎడ్లయితే రోజుకు 30 కిలోమీటర్లు, బర్రెలయితే 25 దాటకూడదు. వెంట ప్రథమ చికిత్స సామగ్రి ఉండాలి. వీటన్నిటికీ మించి ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు తగ్గకూడదు, 30 డిగ్రీలు దాటకూడదు. కేసముద్రం ఉన్న మానుకోట ప్రాంతంలో శివరాత్రి వెళ్లాక 30 డిగ్రీలు దాటని మధ్యాహ్నం ఎక్కడుంది? చల్లని వేళ చూసి చీకట్లో బయలుదేరితే సూర్యోదయం నియమం అడ్డం, తెల్లవారాక బయలుదేరితే ఎండ నియమం అడ్డం. ఎండాకాలంలో ఈ రెంటి మధ్య మిగిలేది ఒకటి రెండు గంటలే.

నడవని పశువుకు కారం పూయకూడదని కూడా ఆ నియమాల్లో విడిగా రాశారు. మిర్చి వ్యాపారానికి పేరుపడ్డ కేసముద్రంలో ఆ వాక్యం చదివితే ముందు నవ్వొస్తుంది. కానీ కబేళాలకు రోజుల తరబడి తోలే మందల్లో, సొమ్మసిల్లి కూలబడ్డ పశువు కళ్లలో కారం కొట్టి లేపే దుర్మార్గం నిజంగా ఉంది. నియమాలు రాసినవాళ్ల కళ్ల ముందున్నవి ఆ మందలే. రాసిన తీరులో మాత్రం వంద పశువులను రాష్ట్రాలు దాటించే వ్యాపారికీ, రెండెడ్లను పక్క మండలానికి తోలే రైతుకూ తేడా లేదు.

బండి ఎక్కిస్తే గొడవ వదులుతుందా అంటే అదీ లేదు. 1978 నాటి రవాణా నియమాల ప్రకారం లారీలో ఆరుకు మించి పెద్ద పశువులు ఎక్కించకూడదు, కాళ్లు జారకుండా కింద పీచు చాపో చెక్కలో పరవాలి, తోడు ఒక మనిషి ఉండాలి, వేరే సరుకు వేయకూడదు. యార్డుకు పోయే బండే కదా అని మిర్చి బస్తాల పక్కన దూడను ఎక్కిస్తే తప్పే. 2016 జనవరి నుంచి మోటారు వాహనాల నియమాలు ఇంకో మెట్టు పైకెళ్లాయి. పశువులను మోసే బండిలో శాశ్వతమైన అడ్డుగోడలు ఉండాలి, ఆవుకైనా బర్రెకైనా తలా రెండు చదరపు మీటర్ల చోటు ఉండాలి. పల్లెల్లో తిరిగే చిన్న ట్రాలీ ఆటోలో సామాను వేసే చోటు మొత్తం మూడు, మూడున్నర చదరపు మీటర్లకు మించదు. అంటే ఒక్క బర్రె. రెండో బర్రెను ఎక్కించాడంటే ఆ రైతు చట్టం దృష్టిలో తప్పు చేసినట్టే.

ఇంతకీ తప్పుకు శిక్ష ఎంత? 1960 చట్టంలో పశువును బాధ పెట్టేలా తరలించిన నేరానికి మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అంగడిలో నలుగురు చాయ్ తాగితే అయ్యే ఖర్చు. ఆ అంకె చూసి చట్టం మెత్తనిదని జంతుప్రేమికులు బాధపడతారు, అందులో న్యాయముంది. రైతును దెబ్బతీసేది మాత్రం జరిమానా కాదు, ఎడ్లను పట్టుకోవడం. పట్టుకున్న పశువులను మేజిస్ట్రేట్ గోశాలకు పంపవచ్చు. అక్కడి మేత ఖర్చు కలెక్టర్ నిర్ణయించిన లెక్కన యజమానే కట్టాలి. కేసు ఎన్ని వాయిదాలు నడిస్తే బిల్లు అంత పెరుగుతుంది. పొలం మేసిన పశువును బందెలదొడ్డిలో పెట్టిన రోజుల్లో పైసలు కట్టి సాయంత్రానికి ఇంటికి తోలుకొచ్చేవాళ్లు. ఇప్పుడు దుక్కుల సీజన్ అయిపోయాక ఎడ్లు తిరిగొచ్చినా ఏం లాభం?

అప్పటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల ఉమ్మడి హైకోర్టు ముందుకు 2017లో వచ్చిన ఒక కేసు ఇందుకు మంచి ఉదాహరణ. నల్గొండ జిల్లా కంచనపల్లి దగ్గర పోలీసులు 63 ఆవులను, 2 ఎద్దులను స్వాధీనం చేసుకున్నారు. మేపడానికే తీసుకొచ్చానని వాటి యజమాని వాదన. బక్రీద్‌కు కోయడానికి రైతుల దగ్గర కొన్నాడని పోలీసుల వాదన. కింది కోర్టు వాటిని తిరిగి ఇవ్వలేదు, హైకోర్టు కూడా జూన్‌లో అతని పిటిషన్‌ను కొట్టేసింది. ఆ మనిషి చెప్పింది నిజమో కాదో తేల్చడం ఈ శీర్షిక పని కాదు. మన తెలంగాణలో అమల్లో ఉన్న 1977 నాటి చట్టం ఆవును, దూడను కోయడాన్ని నిషేధించింది, ఎద్దులకు, బర్రెలకు ధ్రువపత్రం ఉండాలంది. అందుకే దారిలో పశువు కనబడగానే మొదట పుట్టేది కబేళా అనుమానం. బక్రీద్ ముందు చెక్‌పోస్టులు పెట్టే రోజుల్లో ఆ అనుమానం రెట్టింపవుతుంది. ‘నేను కోతకు తీసుకుపోవడం లేదు’ అని రైతు ఏ కాగితంతో నిరూపించాలి?

2017 మే నెలలోనే కేంద్రం సంతలకు కొత్త నియమాలు తెచ్చినప్పుడు, పశువు కొనేవాడు రైతేనని రెవెన్యూ పత్రాలు చూసి నిర్ధారించుకోవాలంది. పాస్‌బుక్ లేని కౌలు రైతు బర్రెను కొనుక్కోవద్దన్నమాటే! జులైలో సుప్రీంకోర్టు ఆ నియమాలను దేశమంతటా నిలిపివేసింది. వాటితో పాటే వచ్చిన ఇంకో నియమం, కేసు తేలకముందే పశువులను గోశాలకు అప్పగించే నియమం, 2021 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. పశువులు జనానికి బతుకుదెరువనీ, శిక్ష పడకముందే వాటిని లాక్కోవడం మూల చట్టానికి విరుద్ధమనీ, మార్చకపోతే తామే నిలిపేస్తామనీ ధర్మాసనం కేంద్రాన్ని గట్టిగానే మందలించింది.

మరి రాష్ట్ర సర్కారు తానే పశువులను తరలించినప్పుడు ఏం జరిగింది? 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సబ్సిడీతో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి లారీల్లో లక్షలకు లక్షలు తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఆ రవాణా బిల్లులను తిరగేస్తే, గొర్రెలను మోసినట్టు రాసిన బండ్ల నంబర్లలో మోటార్‌సైకిళ్లవి, ఆటోలవి, చివరికి అంబులెన్సులవి కూడా తేలాయి. తెలియక ట్రాలీలో రెండో బర్రెను ఎక్కించిన రైతు ఒకవైపు, తెలిసి తెలిసి స్కూటర్ మీద గొర్రెల మందను ఎక్కించిన కాగితాలు మరోవైపు!

అలాగని నియమాలే వద్దనడం మూర్ఖత్వం. రోగం పశువు కాళ్ల మీదే ఊళ్లు దాటుతుంది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు బయటపడింది ఫిబ్రవరి 20న. పశువుల రాకపోకలను ఆపింది 23న. ఈలోగానే హెక్సమ్, లాంగ్‌టౌన్ సంతల్లో చేతులు మారిన గొర్రెలు రోగాన్ని దేశమంతా చల్లేశాయి. దాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. ఆ దెబ్బతో అక్కడ కొత్త పశువు దిగిన పాకలోంచి కొన్నాళ్లపాటు మరో పశువు కదలకూడదనే నియమం పెట్టారు. మన దేశంలో 2019లో ఒడిశాలో కనబడ్డ లంపీ చర్మవ్యాధి మూడేళ్లలో గుజరాత్, రాజస్థాన్‌లను కుదిపేసింది, లక్షకు పైగా పశువులు పోయాయి. 2019 లెక్కల ప్రకారం సుమారు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రానికి రోగాల కాపలా తప్పనిసరి. పట్టించుకోవలసింది ఆ కాపలా భారాన్ని ఎవరి నెత్తిన పెడుతున్నారనేది.

కేసముద్రం మార్కెట్ యార్డుకు రైతు మిర్చి బస్తాలు తెస్తే గేటు దగ్గరే పేరు రాసుకుని లాట్ నంబరు ఇస్తారు. ఈ-నామ్ ఆన్‌లైన్ వేలంలో ధర పడుతుంది, తూకం చిట్టీ చేతికొస్తుంది. బస్తాకు ఇంత మర్యాద ఉంది, బర్రెకు మాత్రం దళారి తువ్వాలు కింద వేళ్లు పట్టి చెప్పే ధరే గతి. నిజానికి సగం పని ఇప్పటికే అయిపోయింది. 2019లో మొదలైన గాలికుంటు టీకాల కార్యక్రమంలో పశువు చెవికి 12 అంకెల ట్యాగు వేస్తున్నారు. ఆ నంబరుతో పశువు, యజమాని, టీకా వివరాలు కంప్యూటర్‌లో ఉంటాయి. అంగడి రోజున గేటు దగ్గర ఒక పశువైద్యుడు కూర్చుని, ఆ నంబరు చూసి, పశువును పరీక్షించి, అమ్మకం రశీదు మీదే ధ్రువపత్రం రాసిస్తే దారిలో ఆపిన పోలీసుకు చూపించడానికి రైతు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. అంగడి వేలం పాడుకున్న గుత్తేదారు పశువుకు ఇంత అని తహబజారు వసూలు చేస్తూనే ఉన్నాడు. ఆ డబ్బు తీసుకునే పంచాయతీకో మున్సిపాలిటీకో డాక్టరుకు ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించడం భారం కాదు. ఒకటి రెండు పశువులను దగ్గరి అంగడికి నడిపించుకుపోయే రైతుకు ఎండ నియమం, ముకుతాడు నియమం సడలించాలని రాష్ట్రం కేంద్రానికి రాయాలి.

అంతవరకూ రైతులు ఒక పని చేయాలి. ఎడ్లను విప్పే ముందు రోజే మండల పశువుల దవాఖానకు వెళ్లి డాక్టరు సంతకంతో ధ్రువపత్రం తీసుకోండి. గోపాలమిత్ర రాసిచ్చిన చీటీ చెల్లదు, డిగ్రీ ఉన్న పశువైద్యుడిదే చెల్లుతుంది. కొన్నవాళ్లు అమ్మినవాళ్ల పేరు, ఊరు, చెవి ట్యాగు నంబరు రశీదులో రాయించుకోండి. పొద్దుగూకాక పశువును రోడ్డెక్కించకండి.