నా తప్పులు దిద్దేదెవరు?

మన ఇంటర్న్‌షిప్ అంటే నెల రోజులు, ఒక సర్టిఫికెట్, లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్ట్. నేనూ అదే చేశా. ఆర్కిటెక్ట్ బి.వి. దోషి 1951లో పారిస్ వెళ్లి లె కార్బూజియే దగ్గర చేరారు. మొదటి ఎనిమిది నెలలు జీతమే లేదు. తర్వాత అహ్మదాబాద్‌లో గురువుగారి కట్టడాల పని దగ్గరుండి చూసుకున్నారు. అయినా గురువుకి కాపీగా మిగిలిపోలేదు. ఇండోర్ అరణ్య కాలనీలో పేదవాళ్లకి పునాది, బాత్రూమ్ లాంటివి ఇచ్చి, మిగతా ఇల్లు వాళ్లకి నచ్చినట్టు కట్టుకోమన్నారు. 2018లో ప్రిట్జ్‌కర్ ప్రైజ్ అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

జీతం లేని పని గొప్పదని నేననను. ఇంట్లో ఫీజు కట్టేవాళ్లకి అది భారమే. కానీ ఈసారి "సర్టిఫికెట్ ఇస్తారా?" అని కాదు, "నా కోడ్‌లో తప్పులు ఎవరు దిద్దుతారు?" అని అడుగుతా. మీరూ అడగండి.