కారణము చెప్పని తీర్పు

భీమునిపట్నము సముద్రపుటొడ్డున డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. పదునేడవ శతాబ్దిలో వర్తకమునకై వచ్చి, ఇచ్చట కోట కట్టుకొని, చివరకు 1825లో ఈ రేవును ఆంగ్లేయుల కప్పగించి వెడలిపోయిన ఆ జాతికిని, నేడు చౌకధరల దుకాణము ముందు సంచి పట్టుకొని నిలుచున్న భీమిలి జాలరి ఇల్లాలికిని ఏమి సంబంధమని అడుగవచ్చును. సంబంధ మున్నది. ఆ డచ్చివారి దేశములో 2020 ఫిబ్రవరి 5వ తేదీన హేగ్ నగరపు జిల్లా న్యాయస్థానము ఒక తీర్పు చెప్పినది. పేదలకు ప్రభుత్వ మిచ్చు సహాయములలో మోసము చేయదగినవారెవరో ముందుగానే కనిపెట్టుటకు ఆ ప్రభుత్వము వివిధ శాఖల పట్టికలను కలిపి ఒక కంప్యూటరు యంత్రాంగమును నడపినది. దాని పేరు మన చెవికి ‘సిరి’ అని వినిపించును. పేరులో సిరి యున్నను, దాని చూపు పడినది సిరి లేని పేటలమీదనే. ఆ యంత్రాంగము ఏ లెక్కతో ఎవరిని అనుమానించుచున్నదో పౌరుడు తెలిసికొనుటకు గాని, న్యాయస్థానము పరీక్షించుటకు గాని వీలులేదు గనుక, దానికి ఆధారమైన శాసనము మానవహక్కులకు విరుద్ధమని న్యాయమూర్తులు నిర్ణయించిరి.

ఆ దేశమున అంతకంటె పెద్ద అనర్థము మరియొకటి జరిగినది. పిల్లల సంరక్షణకై ఇచ్చు సహాయధనమును మోసముతో పొందిరని పన్నుల శాఖ వేలకొలది తలిదండ్రులపై నేరము మోపి, ఇచ్చిన సొమ్మంతయు తిరిగి కట్టుమన్నది. అనుమానితుల నేరుటలో పౌరసత్వమును కూడ ఒక గుర్తుగా వాడిన లెక్కల యంత్ర మొకటి అందు పాలుపంచుకొన్నది. నిజము బయటపడిన పిమ్మట 2021 జనవరి 15న ఆ దేశపు మంత్రివర్గమే రాజీనామా చేయవలసి వచ్చినది.

ఇది పరదేశపు కథ యని తోసివేయుటకు వీలులేదు. తెలుగునేలపై ఇట్టిది జరిగియే యున్నది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ యను పేర పలు ప్రభుత్వ శాఖల పట్టికలను కలిపి, ఒక పట్టికలోని మనిషియు వేరొక పట్టికలోని మనిషియు ఒక్కరే యగునా కాదా యని పేరు, చిరునామా మొదలగువాని పోలికను బట్టి తేల్చు యంత్రాంగ మేర్పడినది. రేషను కార్డుల అర్హతను తేల్చుటకు దానిని వినియోగించిరి. 2014 నుండి 2019 వరకు ఆ రాష్ట్రమున 18 లక్షల 60 వేలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయినవి. కొత్తగా పెట్టుకొన్న దరఖాస్తులు 1,42,086 తిరస్కరింపబడినవి. ముందుగా నోటీసు ఇచ్చుట యనునది లేదు. రద్దయిన కార్డులను ఇంటింటికి పోయి తిరిగి పరిశీలింపుడని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినది. అందిన 4,91,899 అర్జీలలో ఆ యేటి జూలై నాటికి 2,05,734 పరిశీలింపగా, 15,471 కుటుంబములు అర్హులని తేలినది. అనగా నూటికి ఏడున్నర.

నూటికి ఏడున్నర యను లెక్క కాగితముమీద చిన్నది. హైదరాబాదులోని ఒక నిరుపేద వితంతువు కథ 2024లో పత్రికలకెక్కినది. రిక్షా తొక్కి జీవించిన ఆమె భర్తను, అతని పేరును పోలిన పేరు గల వేరొక కారు యజమానిగా యంత్రము లెక్కగట్టినది. కారున్న కుటుంబమునకు బియ్యము లేదు. తమకు కారు లేదని ఆ కుటుంబము ఎవరితో చెప్పుకొనవలెను? దుకాణదారు చేతిలో లేదు; మండల కార్యాలయమున గుమాస్తా ‘కంప్యూటరులో అట్లున్నది’ అనును; కంప్యూటరు మాటాడదు. తీర్పు ఉన్నది గాని, తీర్పరి కనబడడు.

ఇట్టి సంగతులు నేడు న్యాయశాస్త్రమున డాక్టరేటు పరిశోధనకు విషయములగుచున్నవి. పరిపాలనలో కృత్రిమ మేధను శాసనముచే ఎట్లు అదుపులో నుంచవలెనను ప్రశ్న దేశదేశముల విశ్వవిద్యాలయములలో చర్చకు వచ్చినది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును, సబ్బవరమున దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమును గల విశాఖ ప్రాంతమునకు ఇది దూరపు విషయము కాదు. అయితే ఒక ప్రమాదమున్నది. ఇట్టి సిద్ధాంతవ్యాసము ఐరోపా శాసనముతో మొదలై ఐరోపా శాసనముతోనే ముగియుట తేలిక. 2024 ఆగస్టు 1న అమలులోనికి వచ్చిన ఆ శాసనము ప్రజాసహాయమునకు అర్హతను నిర్ణయించు యంత్రములను అధిక ప్రమాదము గలవానిలో చేర్చినది. నిర్ణయమునకు గురియైన మనిషికి వివరణ కోరు హక్కును ప్రసాదించినది. చదువదగినదే. కాని పరిశోధకుడు తలయెత్తి చూచినచో, బ్రస్సెల్స్ పండితునకు తోచని ప్రశ్న భీమిలి వీధిలోనే కనబడును.

అది పేర్ల ప్రశ్న. ఉత్తరాంధ్రమున సింహాచలము అప్పన్న పేరు పెట్టుకొనని వంశము అరుదు. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ. పైడితల్లి పేరిట పైడిరాజు, పైడమ్మ. నూకాలమ్మ పేరిట నూకరాజు, నూకాలు. ఒకే పేటలో ఒకే యింటిపేరుతో ఇద్దరు ముగ్గురు అప్పలరాజు లుందురు. తండ్రుల పేర్లును ఒకటే కావచ్చును, ఏలనన తాతపేరు మనుమనికి పెట్టుట ఆచారము. ఊరివారికి ఇందు చిక్కు లేదు; ‘చెరువుగట్టు అప్పలరాజు’ అనియో, ‘పొట్టి అప్పలరాజు’ అనియో గుర్తింతురు. ఆ గుర్తులు పట్టికల కెక్కవు. పైగా ఈ పేర్లు ఇంగ్లీషు లిపిలో వ్రాయబడునప్పుడు దీర్ఘమునకు ఒకచోట రెండక్షరములు, ఒకచోట ఒక్కటి. ఇంటిపేరు ఒక పత్రమున ముందు, ఒక పత్రమున వెనుక, ఇంకొక పత్రమున పొడి అక్షరము. కావున యంత్రము రెండు విధముల పొరబడును: ఒక్క మనిషిని ఇద్దరిగా చూడవచ్చును, ఇద్దరిని ఒక్కనిగా చూడవచ్చును. మొదటి పొరపాటుతో ఖజానాకు నష్టము. రెండవదానితో పొయ్యిలో పిల్లి.

రెండు పేర్లు నూటికి ఎన్ని పాళ్లు పోలినచో ఒకే మనిషి యని తలపవలెను? యంత్రము తనంత తాను దీనిని నిర్ణయింపదు. ఎవరో ఒకరు గీత గీయవలెను. ఆ గీతను కొంచెము దిగువకు జరిపినచో కొన్ని వేల కార్డులు పోవును. ఎగువకు జరిపినచో కొన్ని వేలు మిగులును. ఒక కుటుంబము అన్నమును నిర్ణయించు ఆ గీత, పేరేమైనను, ఒక శాసనమే. శాసనసభ చేసిన చట్టము గెజెట్టులో ప్రకటితమగును. దానిక్రింద చేసిన నియమములను ప్రకటింతురు. ఈ గీతను మాత్రము సాంకేతిక వివరమని ఇనుపపెట్టెలో దాతురు. పరిశోధకుడు పట్టుకొనవలసిన మొదటి ముడి ఇది.

యంత్రమన్న ప్రతిదానిని ద్వేషింపనక్కరలేదు. విశాఖపట్నము జిల్లాలోనే వేరొక ప్రయోగము జరిగినది. చదువు మానివేయగల పిల్లలను ముందుగా గుర్తించుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మైక్రోసాఫ్ట్ సంస్థవారి యంత్రవిద్యను వినియోగించి, పిల్లల చదువు, కుటుంబ స్థితి, బడి వసతులు మున్నగు అంశములను కలిపి లెక్కింపగా, 2018-19 విద్యాసంవత్సరమున ఈ జిల్లా ప్రభుత్వ పాఠశాలలలో సుమారు 19,500 మంది పిల్లలు బడి మానవచ్చునని తేలినది. ఇచ్చట యంత్రము పొరబడినచో ఏమగును? చదువు మానని పిల్లవాని యింటికి ఉపాధ్యాయుడు ఒకసారి పోయి వచ్చును. ఆ పిల్లవానిపై ముద్ర పడకుండ జాగ్రత్తపడినంతవరకు నష్టము స్వల్పము. రేషను కార్డు విషయమున పొరబడినచో పస్తు. ఒక యంత్రము తలుపు తట్టును, ఇంకొకటి తలుపు మూయును. రెండింటికిని ఒకే చట్టము చాలదు. తలుపు మూయు యంత్రమునకు ఎక్కువ కట్టుదిట్టములు కావలెను.

ఇంకొక సూక్ష్మమున్నది. ఏది కృత్రిమ మేధ, ఏది కాదు అను నిర్వచనములో పరిశోధకులు చాల పుటలు ఖర్చుపెట్టుదురు. ఆంధ్రప్రదేశ్‌లో పథకముల అర్హతకు ఆరు దశల ధ్రువీకరణ యను పద్ధతి ప్రసిద్ధము: కరెంటు వాడకము నెలకు 300 యూనిట్లు దాటరాదు, నాలుగు చక్రముల వాహన ముండరాదు, ఆదాయపు పన్ను కట్టువారుండరాదు మొదలగునవి. ఇందు మేధ యేమియు లేదు. వట్టి నియమములు, వానితో సరిచూచు పట్టికలు. అయినను తండ్రిపేర నున్న ఒక్క మీటరు క్రింద మూడు కాపురములు సాగు ఇంటిలో, ఆ మూడు కాపురముల కరెంటు ఒక్కరి లెక్కలో పడునప్పుడు ఫలిత మొక్కటే. కావున చట్టము యంత్రపు తెలివిని గాక, యంత్రము వలన మనిషికి కలుగు ఫలితమును కొలబద్దగా తీసికొనవలెను.

చట్టము మనకు బొత్తిగా లేదనుటయు సరికాదు. 2005 సమాచార హక్కు చట్టము 4వ సెక్షను, ప్రభుత్వ కార్యాలయము తన పరిపాలనా నిర్ణయములకు గల కారణములను బాధితులకు తెలుపవలెనని శాసించుచున్నది. కారణము చెప్పుట సహజన్యాయములో భాగమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ వ్యాజ్యమున నిర్ణయించినది. స్వవిషయ గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మనిషిని గూర్చి నిర్ణయము చేయుటకు వాడు సమాచారము సంపూర్ణముగను, సరిగను ఉండునట్లు చూడవలెనని 8వ సెక్షనులో చెప్పినది. కాని అదే చట్టము 17వ సెక్షనులో, కేంద్రము ప్రకటించిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు నిచ్చినది. యంత్రము చేసిన నిర్ణయమునకు వివరణ కోరు హక్కు దానిలో ఎచ్చటను లేదు. 2025 నవంబరులో కేంద్రము వెలువరించిన కృత్రిమ మేధ మార్గదర్శకములు ప్రత్యేక శాసన మిప్పట్లో అక్కరలేదన్న దృష్టితో, ఏడు సూత్రములను మాత్రము చెప్పినవి. సూత్రములు మంచివే. సూత్రమును పట్టుకొని కోర్టు మెట్లెక్కుట మాత్రము కష్టము.

ప్రభుత్వము వైపు వాదమును కూడ వినవలెను. దొంగకార్డు లున్నమాట నిజము; అవి తినునది పేదల బియ్యమే. పూర్వము కార్డు రావలెనన్నను, పోవలెనన్నను గుమాస్తా దయ. అతని దయకు ధర యుండెడిది. యంత్రము లంచమడుగదు, కులము చూడదని ఆశపడిన అధికారి ఆశ తప్పు కాదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించినప్పుడు, కార్యాలయముల చుట్టు తిరుగు శ్రమ తప్పునని జనులు సంతోషించినది ఇందులకే. కాని గుమాస్తా తప్పు ఒక్కొక్కటిగా జరుగును, యంత్రము తప్పు లక్షలలో జరుగును. గుమాస్తాను పై అధికారి సంజాయిషీ అడుగగలడు. యంత్రమును అడుగుటకు దానిని కొన్న అధికారికి తెలియదు, చేసిన సంస్థ వ్యాపార రహస్య మనును. కావున బాధ్యత ఒక్క మనిషిపేర వ్రాయబడియుండుట కనీస ధర్మము.

రాబోవు కాలమున ఈ ప్రశ్న మరింత బలపడును. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించినది. యంత్రములకు ఈ తీరము నెలవగుచున్న వేళ, వాని నదుపుచేయు న్యాయవిచారమునకును ఇదే తీరము నెలవు కావలదా? పరిశోధకుడు గ్రంథాలయములో కూర్చుండుట చాలదు. చౌకదుకాణముకడను, సచివాలయముకడను నిలిచి, రద్దయిన కార్డుల వారిని మూడు ప్రశ్న లడుగవలెను. రద్దు చేయుటకు ముందు మీకెవరైన చెప్పిరా? చెప్పిన కారణము మీకు తెలిసిన తెలుగులో నున్నదా? తప్పని చెప్పుకొనుటకు ఒక మనిషి దొరికెనా? ఆ జవాబులు ఊరూరను సేకరించి, వాని పక్కన చట్టపు సెక్షనులను పెట్టి చూచిన సిద్ధాంతవ్యాసము డాక్టరేటు పట్టముతో ఆగిపోదు. రేపటి శాసనమునకు చిత్తుప్రతి కాగలదు.

ముఖ్యముగా రెండవ ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. ‘మీ కార్డు వ్యాలిడేషన్‌లో రిజెక్ట్ అయినది’ అను సందేశము తెలుగు లిపిలో నున్నను కారణము కాదు. అది ఫలితమునే మరల చెప్పుట. ‘ఫలానా నంబరు కారు మీ భర్తపేర నున్నట్లు రవాణాశాఖ పట్టిక చెప్పుచున్నది, అది మీది కానిచో ఫలానా తేదీలోగా ఫలానా అధికారికి చెప్పుడు, అంతవరకు బియ్యము నిలుపబడదు’ అని వ్రాసినచో అది కారణము. ఈ రెండు వాక్యముల నడుమ నున్న వ్యత్యాసమే న్యాయము. దీనికి కొత్త యంత్రమక్కరలేదు, కోట్ల డాలర్లక్కరలేదు. వ్రాయవలెనను నిర్బంధమును శాసనము చేసిన చాలును.

హేగ్ న్యాయస్థానము తన ప్రభుత్వమును అడిగినదియు మూలమున ఇదియే. ఒకప్పుడు ఆ దేశపువారు మన రేవున పడవ దింపి మన బట్టల బేరము చూపించుకొని పోయిరి. ఈ ప్రశ్నను వారినుండి మనము అరువు తెచ్చుకొన్నను అవమానము లేదు. జవాబు మాత్రము మన పేర్లతో, మన భాషలో, మన చౌకదుకాణము ముందర వ్రాసికొనవలసినదే.