క్షేత్రరక్షణమే జీవరక్షణం

దేహం దృఢమైనచో జీవనం సురక్షితమని లోకులు భావిస్తారు. రెండు ప్రాణుల స్థితిని పరిశీలిస్తే ఈ భావన నిలువదు. ఒకటి మెక్సికో నగర దక్షిణ భాగాన గల షోచిమిల్కో కాలువలలో మాత్రమే సహజంగా మిగిలిన ఆక్సొలాటిల్ అనే ఉభయచరం. రెండవది ఉష్ణమండల తీరాలన్నింటా విరివిగా పెరిగే నారికేళ వృక్షం.

ఆక్సొలాటిల్ దేహశక్తి అద్భుతం. తెగిన కాలు, తోక తిరిగి మొలుస్తాయి. హృదయంలోని కొంత భాగము, వెన్నుపాము సైతం పునర్నిర్మితమవుతాయి. నారికేళానికి అట్టి శక్తి లేదు. దాని శిరస్సున ఉన్నది ఒక్కటే మొవ్వు. అది కుళ్ళినచో వృక్షమంతా నశిస్తుంది. కాండానికి తగిలిన గాయం జీవితాంతం మానదు.

అయినప్పటికీ ఫలితం విపరీతంగా ఉన్నది. నారికేళం వర్ధిల్లుతున్నది. షోచిమిల్కోలో చదరపు కిలోమీటరుకు 1998లో సుమారు 6000గా లెక్కించబడిన ఆక్సొలాటిల్‌లు 2014 నాటికి 36కు క్షీణించాయి. నగర విస్తరణలో ప్రాచీన సరస్సులు ఎండిపోయాయి. మిగిలిన కాలువలను మురుగు కలుషితం చేసింది. ఆహారార్థం మనుష్యులు విడిచిన కార్ప్, తిలాపియా చేపలు వాటి గుడ్లను, పిల్లలను భక్షించాయి. తెగిన అవయవాన్ని సృష్టించుకొనగల ప్రాణి, పోయిన జలాన్ని సృష్టించుకొనలేకపోయింది.

ప్రయోగశాలలలో, గాజుతొట్లలో అవి అసంఖ్యాకంగా ఉన్నవి కదా, ఇక లోపమేమని కొందరి ఆక్షేపం. ఈ ఆక్షేపం రూపాన్నే జీవమని భ్రమిస్తున్నది. భగవద్గీత త్రయోదశాధ్యాయం శరీరాన్ని క్షేత్రమన్నది. ఆ శరీరాన్ని పోషించే జలం, మృత్తిక, ఋతుచక్రం కూడ విశాలార్థంలో క్షేత్రమే. గాజుతొట్టి దేహాన్ని నిలుపుతుంది గాని ఈ విశాలక్షేత్రాన్ని ఇవ్వజాలదు. నారికేళాన్నీ మానవుడే దేశదేశాలకు చేర్చాడు, నిజమే. కాని అది అక్కడ ఆకాశం క్రింద, వర్షంలో, మట్టిలో వేరూనింది. కోనసీమ రైతు దానికి నీరు పోస్తాడు. అది అతనికి ఫలమిస్తుంది. పరస్పర పోషణమే యజ్ఞమని గీత తృతీయాధ్యాయం బోధించిన ధర్మం ఇదే.

షోచిమిల్కోలో కొందరు రైతులు శాస్త్రజ్ఞులతో కలిసి, తమ చినాంపా పొలాల ప్రక్క కాలువలకు వడపోతలు అమర్చి, చేపలు చొరకుండ ఆశ్రయాలు నిర్మిస్తున్నారు. రసాయనాలను విడిచి సేద్యం చేస్తున్నారు. ఇదియే యథార్థమైన జీవకారుణ్యం.

దేవుని ముందు నారికేళం సమర్పించి, అదే ఆలయ పుష్కరిణిలోనికి మురుగు చేరుతుంటే మౌనం వహించడం అర్ధధర్మం మాత్రమే. క్షేత్రాన్ని శుద్ధిచేసిన నాడే పూజ పూర్ణమవుతుంది.